మేనకోడలు పడుకున్న గది

పడుకున్న పసిపిల్లని ఇంట్లో ఒక్కదాన్నే వదిలి వెళ్లొచ్చా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్ల ఇంట్లో పిల్లని చూడ్డానికి ఎవరో ఒకరుంటారు, అందుకే అంత తీరిగ్గా అడుగుతారు. కోరాపుట్‌లో మా అమ్మవాళ్లింట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వెళ్లక తప్పదు కాబట్టి వెళ్లేవాళ్లు.

మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడ మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే పనిలో చేరాడు. ఇప్పుడు అమ్మదీ, తమ్ముడి భార్యదీ అదే పని. తమ్ముడు దామంజోడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ, మొదటి బస్సుకే పోతాడు. అత్తాకోడళ్లిద్దరూ చీకటితోనే వెళ్లి హాజరు వేయించుకుని, తమ వీధులు ఊడ్చేసి, ఎండ పొడ వచ్చాక ఇల్లు చేరతారు. ఆలోపల తమ్ముడి కూతురు, నెలల పిల్ల, ఒక్కతే నిద్రపోతూ ఉండేది. తన చెవి తనే పిడికిట్లో పట్టుకుని పడుకునేది, దొంగపిల్ల. నేను రాయగడలో ఉంటాను, ఒక ఆసుపత్రిలో ఆయాని. రెండు నెలలకోసారి దాన్ని చూడ్డానికి రైలెక్కేదాన్ని.

పిల్లని వదిలి వెళ్లేటప్పుడు అమ్మకి ఒక పద్ధతి ఉంది. దిండు కింద కొడవలి పెడుతుంది. ఇనుము పక్కలో ఉంటే గాలీ ధూళీ దరికి రావని నమ్మకం. కుక్కలు దూరకుండా బయట తాళం వేస్తుంది. నన్నూ తమ్ముణ్ణీ అలాగే పెంచింది, వీధిలో అందరూ అంతే. ఏడిస్తే గోడ అవతల పక్కింటావిడకి వినబడుతుందని ఒక ధీమా.

దీపావళి వెళ్లాక ఒకసారి వెళ్లాను. తెల్లవారుజామున మరదలు పాత చీర చింపి, పిల్లని వీపుకి కట్టుకుని పనికి బయల్దేరింది. లమ్తపుట్ వైపు కొండల నుంచి సంతకొచ్చే ఆడవాళ్లు అలాగే కట్టుకుంటారు. వాళ్ల దగ్గరే ముడి వేయడం నేర్చుకుందట. అమ్మ చూసి వీధిలోనే గయ్యిమంది.

"ఏటే ఇది? కొండోల్లలాగ పిల్లని ఈపుకి కట్టుకుని రోడ్లమ్మట తిరుగుతావేటే? మన పరువేటవ్వాల?"

"మెలుకువొస్తే బయపడతాదత్తా. నా ఒంటి మీదుంటే ఎచ్చగుంటాది."

"నోర్ముయ్. ఇద్దర్ని కన్నాను నాను. నాకు సెప్పకు."

ముడి విప్పి పిల్లని లాక్కుపోయి మంచం మీద పడుకోబెట్టింది. "ఉండనీయమ్మా, నీకేటి పోయింది?" అన్నాను. "నువ్వు సుట్టానికొచ్చేవు, సుట్టంలాగుండు," అంది. తమ్ముడు అప్పటికే వెళ్లిపోయాడు, ఇదేమీ చూడలేదు. మేం రోడ్లు ఊడ్చేవాళ్లం. మమ్మల్ని చూసి ముక్కు మూసుకునేవాళ్లు ఊరినిండా ఉన్నారు. అయినా మాకంటే తక్కువవాళ్లున్నారని చెప్పుకోవడానికి మాకు కొండవాళ్లు కావాలి. థూ, ఏం బతుకులో!

చలి ముదిరింది. కోరాపుట్ చలి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పిల్లకి వెచ్చగా ఉంటుందని అమ్మ బొగ్గుల కుంపటి రాజేసి గదిలో పెట్టడం మొదలుపెట్టింది, ఫోనులో తనే చెప్పింది. ఈదురుగాలి రాకుండా కిటికీకి గోనెపట్టా బిగించిందట. తలుపు ఎలాగూ తాళం.

నేను డ్యూటీలో ఉండగా తమ్ముడు ఫోను చేశాడు. "అప్పా, పిల్ల లేదే," అన్నాడు. ఎక్కడికి పోయిందిరా అని అడిగాను నేను, పిచ్చిదాన్ని. అర్థమయ్యాక డ్యూటీ మధ్యలోనే వదిలేసి రైలెక్కాను.

నేను చేరేసరికి పూడ్చేసి వచ్చేశారు. మూసిన గదిలో బొగ్గుల నుంచి విషగాలి పుట్టిందనీ, దానికి వాసన ఉండదనీ, నిద్రలోనే ప్రాణం తీస్తుందనీ డాక్టరు చెప్పాడట. పక్కింటావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఏడుపు ఇనబడితే తాళం బద్దలుగొట్టనా అమ్మా? కిక్కురుమనలేదు. బాగా పడుకున్నాదనుకున్నాను." ఆవిణ్ణి ఏమంటాను? ఏడుపు లేకపోతే పిల్ల క్షేమమనే మేమందరం అనుకున్నాం.

ఇంటినిండా జనం. మరదలు గోడకి చేరగిలబడి ఉంది, పాలు కట్టి రవిక తడిసిపోయి ఉంది, తుడుచుకోవడం కూడా లేదు. వచ్చిన ప్రతివాళ్లకీ అమ్మ ఒకటే చెబుతోంది.

"పిల్లనొక్కదాన్నీ ఒగ్గీకే అమ్మీ, ఈపుకి కట్టుకుని తీసుకుపో అని సెప్పేను. ఇన్నాదా? బరువని ఒగ్గీసి ఎల్లిపోనాది. నా మనవరాల్ని పొట్టన పెట్టుకున్నాది."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. వినేవాళ్లు అయ్యో అయ్యో అని నోళ్లు నొక్కుకుంటున్నారు. తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి, ఆమె మొహం కూడా చూడకుండా అన్నాడు: "రేపు మీ అమ్మోల్లింటికి పో. మరి రాకు. నాను నిన్ను సూడలేను."

మరదలికి బిడ్డ పోయింది. ఇప్పుడు ఇల్లూ పోతుంది, చేయని తప్పు నెత్తిన వేసుకుని.

"ఒరే తమ్ముడూ, నా మాటిను," అని అరిచాను. "అది పిల్లని ఈపుకి కట్టుకుని బయల్దేరితే ముడి ఇప్పేసింది అమ్మే. నా కల్లారా సూసేను. కుంపటెట్టింది అమ్మ. గోనెపట్టా కట్టింది అమ్మ. పెల్లాన్ని పొమ్మంతావేటిరా?"

తమ్ముడు అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, అప్ప సెప్పింది నిజవేనా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊగింది. తర్వాత నా వైపు చూసింది, శత్రువుని చూసినట్టు.

"నిజవేరా. అయితే ఏటి? కావాలని సేసేనా? ఈ వయసులో అంత నింద మోసుకుని నానెలాగ బతకాలి? అదైతే సిన్నది. మల్లీ కంటాది. మరిసిపోతాది."

మా అమ్మ చెడ్డది కాదు. ఆ పిల్లకి నలుగుపెట్టి స్నానం చేయించిన చేతులు ఆవిడవే. ఆ మాటలు విని నాకు ఆవిడ మీద అసహ్యమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు మరదలు నోరు తెరిచింది. నేను వచ్చాక ఆమె గొంతు వినడం అదే మొదలు.

"నాను మరి కననత్తా," అంది.

గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. తమ్ముడు పాక్కుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని, కాస్త అవతలికి జరిగి కూర్చుంది.