సంతకం కోసం ఆళ్లగడ్డకు

ఇంగ్లండులో నర్సుగా చేరాలంటే మన చదువును ముందు అక్కడి నర్సుల కౌన్సిల్ ఒప్పుకోవాలి. డెబ్బైల చివర్లో, నంద్యాల ఆసుపత్రిలో పనిచేస్తూ నేను అర్జీ పెట్టుకున్నాను. మిగతా చదువంతా సరే అన్నారు గానీ, కాన్పుల పని నేర్చుకున్నానని నేర్పినవాళ్లే రాసి సంతకం పెట్టాలన్నారు. నాకు నేర్పిన సిస్టర్ రిటైరై ఆళ్లగడ్డలో ఉంది. బడిపంతులైన మా నాయనను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

ఆమె వసారాలో పక్కింటి దర్జీ భార్యతో కలిసి శనక్కాయలు వలుస్తోంది. ఆ పిల్ల నిండు గర్భిణి. నేను దండం పెట్టి వచ్చిన పని చెప్పాను. సిస్టర్ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వెవరో గుర్తు రాలేదు పాపా."

"మీ దగ్గర చదివిన పిల్లేనమ్మా," అన్నాడు నాయన.

"కావచ్చప్పా. తెల్లచీరలు కట్టుకోని ఎంతమంది వచ్చిరో, ఎంతమంది పోయిరో. తెలియనోళ్లకు నేను సంతకం పెట్టను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో ఆమే లేచింది.

"చేతులు కడుక్కోనిరా. ఈ పిల్లకు ఇదే నెల. బిడ్డ ఎట్లుండాదో చూసి చెప్పు."

దర్జీ భార్య నవ్వుతూ లోపలికొచ్చి మంచం మీద పడుకుంది. నాయన వసారాలోనే ఉండి, ఏం చేయాలో తోచక శనక్కాయలు వలవసాగాడు.

పొత్తికడుపు మీద చేతులు పెట్టాను. తల తగలాల్సిన చోట మెత్తగా ఉంది. పక్కటెముకల కింద మాత్రం గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది. కదిపితే కదిలింది. మళ్లీ చూశాను. తప్పు చెబితే ఇంగ్లండు లేదు.

"తల పైనుండాది సిస్టర్," అన్నాను.

ఆమె తనూ చేతులు పెట్టి చూసింది. "పోయిన నెల కిందనే ఉన్నింది. తిరుక్కునింది," అని దర్జీని పిలిపించింది. "ఇంట్లో కాన్పు వద్దు. నంద్యాలకు తీస్కపో."

"పండగ బట్టలుండాయి సిస్టర్. మిషను వదిలి యాడ పోయేది?"

"బట్టలు తర్వాత కుట్టుకుందువులే. ఈమెతోనే బస్సెక్కండి."

తర్వాత నా కాగితం తీసుకుని రాసి సంతకం పెట్టింది. "నీ మొగం ఇప్పటికీ గుర్తు రాలేదు. చేతులు మాత్రం నేను నేర్పినట్టే పెట్టినావు," అంది.

సాయంత్రం బస్సులో దర్జీ భార్య కిటికీ పక్కన కూర్చుంది. ఆమె బట్టల మూట నాయన ఒళ్లో పెట్టుకున్నాడు. అదే వారంలో మా ఆసుపత్రిలో, డాక్టరమ్మ చేతుల మీదుగా ఆడపిల్ల కాళ్ల వైపు నుంచి పుట్టింది. కాస్త ఆలస్యంగా ఏడ్చినా, వార్డంతా వినబడేలా ఏడ్చింది.

ఇంగ్లండు వెళ్లాక కొన్ని నెలలు అక్కడివాళ్ల పర్యవేక్షణలో పనిచేయాల్సి వచ్చింది. అది ముగిసి నా పేరు రిజిస్టరులోకి ఎక్కిన సాయంత్రం, హాస్టల్లో కేరళ అమ్మాయిలతో కలిసి అన్నం, పప్పు వండాను. కారం ఎక్కువైందని వాళ్లు నీళ్లు తాగుతూ కూర్చున్నారు. నేను మాత్రం ఇంకో గరిటె వేసుకున్నాను.