మూడో అంతస్తు సూది

ఇటలీలో ఫోజ్జా ఊళ్లోని ఆ ఐదంతస్తుల భవనంలో ఇంకొరొనాత వేసే సూది ఎరగని మనిషి లేడు. ఆవిడ నర్సేం కాదు, ముప్పై ఏళ్లు బడిలో వంట చేసింది. సూది మాత్రం అత్తగారి దగ్గర నేర్చిన విద్య. ఎవరికి నడుం పట్టేసినా డాక్టరు చీటీ, మందు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాల్సిందే. చీటీ లేనిదే సిరంజి ముట్టదు. "ఈ పూట ఏం వండావు?" అని అడుగుతుంది, జవాబు పూర్తయ్యేలోగా పని అయిపోతుంది.

కింది అంతస్తు రుజేరో రిటైరైన బస్సు డ్రైవరు, భార్య పోయి ఏడేళ్లు. "వదినా, అది చెయ్యా, రోకలా?" అని తిట్టుకుంటూనే పడుకునేవాడు.

ఆగస్టు పదిహేను, మేరీమాత పండక్కి వాళ్లిద్దరూ తప్ప భవనమంతా సముద్రానికి తరలిపోయింది. ఆ పొద్దున టమాటా గుజ్జు సీసాల బుట్ట ఎత్తబోయి ఇంకొరొనాత నడుం పట్టేసింది. ఆవిడ కేకకు రుజేరో పరుగెత్తుకొచ్చి మంచం ఎక్కించాడు. డాక్టరు ఫోన్లోనే మూడు రోజులకు నొప్పి సూదులు రాశాడు. రుజేరో మందు తెచ్చాడు, మరి పొడిచేదెవరు? భవనంలో అందరికీ బోర్లా పడుకోవడమే వచ్చు.

"నువ్వే పొడువు."

"చేతులు వణుకుతున్నాయి వదినా! అంబులెన్సు పిలవనా?"

"ముప్పై ఏళ్లు బస్సు తిప్పిన చేతులకు వణుకేమిటి? పిరుదు పైభాగం, బయటి పక్కకు. చచ్చిపోతున్నానయ్యా, కానీ!"

రుజేరో సిరంజిలోకి మందు ఎక్కించాడు. "ఈ పూట ఏం వండావు?"

"నా మంత్రం నాకేనా?" అందే గానీ ఒళ్లు చెక్కలా బిగిసిపోయింది. లోకానికంతటికీ పొడిచిన మనిషికి సూదంటే ఇంత భయమని అతనికి అప్పుడే తెలిసింది. పాపం అనిపించింది.

"వదినా, పోయిన చలికాలం నాకు వేసిన విటమిను సూదులున్నాయే, డాక్టరు రాసింది ఐదే. చీటీ మీద పది అని దిద్దింది నేను."

"ఎందుకు?"

"ఇంట్లో తిట్టుకోడానికైనా ఓ మనిషి లేక."

ఆవిడ ఒళ్లు వదులైంది. సూది దిగింది. దూది అదిమి పట్టుకుని రుజేరో కుర్చీలో కూలబడ్డాడు.

ఇంకొరొనాత దిండులోంచి మొహం ఎత్తి కళ్లు తుడుచుకుంది.

"రేపు ఇదే వేళకు రా. ఇక్కడే తిందువుగాని. చీటీ మీద మాత్రం చెయ్యి పెట్టకు. సూదులు అయిపోయినా భోజనానికి రావచ్చు."