ఆగని వేళ్లు

కోరుట్లలో భూమవ్వ ఒళ్లో బీడీల చాట లేకపోయినా ఆమె కుడిచేతి వేళ్లు బీడీ చుడుతూనే ఉంటాయి. వాడకట్టంతా అలవాటే అనుకుంది. "గాలిని చుడుతున్నవా అత్తమ్మా? కంపెనీల తీసుకోరు!" అని కోడలు సరిత కూడా నవ్వేది. మొన్న డాక్టరు చూసి, అది అలవాటు కాదు, మెదడు జబ్బన్నాడు. "ఇగ చాలు, సల్లగ కూసో" అంటూ సరిత చాటను అటకెక్కించింది. ఊరికే కూర్చుంటే చెయ్యి ఇంకా ఆడింది. భూమవ్వ దాన్ని కొంగులో చుట్టింది, తొడ కింద అదిమింది. ఆగలేదు. చివరికి, "ఒక్క తునికాకియ్యి బిడ్డా" అని కోడల్ని బతిమాలింది. ఆకు అందగానే వేళ్లు కుదురుకున్నాయి. బీడీ చుట్టడం అయిపోయి చెయ్యి ఖాళీ అయ్యేసరికి మళ్లీ మొదలు. "ఇంకోటియ్యి," అంది భూమవ్వ బెదురుగా, "పని పెడితెనే గిది ఊకుంటది."