జయకుమారి వేసిన భీమిలి దారి

జయకుమారి సైకిలు నేర్చుకున్నది నలభై తొమ్మిదో ఏట. సరదాకి కాదు. ఆ ఏడు ఆటోవాళ్లు వారం రోజులు బంద్ చేశారు. టాటానగర్‌లో వాళ్లుండే టెల్కో కాలనీ క్వార్టర్స్ నించి కాసిడీహ్‌లో ఆవిడ జాగ్రఫీ చెప్పే స్కూలుకి వెళ్లడం గగనమైపోయింది. మూడో రోజు సాయంత్రం వరండాలో దుమ్ముకొట్టుకుపోయిన కూతురి సైకిలు బయటికి లాగి, భర్త చిన్నబాబుని సీటు పట్టుకోమంది. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాక గానీ సైకిలు దారిలోకి రాలేదు. ఈలోగా బంద్ అయిపోయింది, ఆటోలు తిరిగాయి. ఆవిడ మాత్రం సైకిలు దిగలేదు.

రెండేళ్లు గడిచాయి. దసరా సెలవులు అయి స్కూలు తెరిచిన దగ్గర్నించీ ఆవిడ కాలు ఇంట్లో నిలవడం మానేసింది. పేపర్లు దిద్దడానికి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటైనా పోవాలనిపించేది. కుక్కర్ విజిల్ కూడా పూర్తిగా వినేది కాదు. రెండోది వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉండేది.

"ఏటయిందే నీకు?" అన్నాడు చిన్నబాబు ఒకరోజు షిఫ్టు నించి వచ్చి బూట్లు విప్పుతూ.

"ఇరవై నాలుగేళ్లయి బోర్డు మీద తూర్పు తీరం గీస్తన్నానండీ. విశాఖపట్నం ఎన్ని పెళ్లిళ్లకి పోలేదు? స్టేషన్ నించి చర్చికి, చర్చి నించి స్టేషన్‌కి. సముద్రం ఎప్పుడూ ఆటోలోంచే, రెండు బిల్డింగుల సందులో."

"అయితే ఇప్పుడేటంటావు?"

"విశాఖపట్నం నించి భీమిలి దాకా సముద్రం పక్కనే రోడ్డుంది. ఒక్కరోజు సైకిలు మీద పోయి రావాలి."

లోపల్నించి కూతురు డయానా నవ్వింది. ఇరవై రెండేళ్ల పిల్ల, తల్లి తెలుగులో అడిగినా హిందీలోనే చెప్తుంది. "మమ్మీ, పాగల్ హో గయీ హో క్యా?"

పిచ్చెక్కిందా అన్న ఆ మాట జయకుమారి పట్టించుకోలేదు. పక్క క్వార్టర్లో ఉండే కల్యాణి దగ్గరికి వెళ్లింది. కల్యాణి ఒక నర్సింగ్ హోంలో నర్సు, ముప్పై ఎనిమిదేళ్లది, డ్యూటీకి సైకిలు మీదే పోతుంది. విషయం వినగానే, "నేనొత్తన్నానక్కా, నువ్వు తేదీ సెప్పు" అంది. ఎందుకూ ఏమిటీ అని అడగలేదు.

ఇక అక్కణ్ణించి మొదలైంది ప్లాను. జనవరి రెండో శనివారం ఖాయం చేసుకున్నారు. జయకుమారి ఒక లాంగ్ నోట్‌బుక్ కొని మొదటి పేజీలో తీరం గీసింది. బీచ్ రోడ్డు మీద ఒడ్డున పెట్టిన జలాంతర్గామి. అది దాటాక కైలాసగిరి కింద మలుపు. తర్వాత ఎడమ చేతి పక్క కొండ మీద తొట్లకొండ, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు. చివరికి భీమిలి, అక్కడ లైట్‌హౌసు, డచ్చివాళ్ల సమాధులు. ఆవిడ మనసంతా ఆ సమాధుల మీదే ఉంది. ఎక్కడి మనుషులో ఎందుకొచ్చారో, వచ్చి ఇక్కడే ఎలా ఉండిపోయారో దగ్గరికెళ్లి చూడాలని.

గాలి సంగతి ఆవిడకే తట్టింది. శీతాకాలంలో అక్కడ ఈశాన్యం గాలి. పోయేటప్పుడు ఎదురు కొడుతుంది, వచ్చేటప్పుడు వెనక నించి తోస్తుంది. "ఒంట్లో సత్తువున్నప్పుడే ఎదురుగాలి అయిపోద్దే" అని కల్యాణికి బొమ్మ గీసి చెప్పింది. సైకిళ్లు రైల్లో పార్సిల్ వెయ్యాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా అని వారం కొట్టుకుంది. చివరికి అక్కడ సైకిళ్లు అద్దెకిచ్చే కుర్రాడికి ఫోన్ చేసి సీటు ఎత్తు దగ్గర్నించీ బ్రేకుల దాకా అడిగింది. మర్నాడు మళ్లీ చేసింది. మూడోసారి చేస్తే అతను పేరు అడక్కుండానే, "చెప్పండి మేడం, టాటానగర్" అన్నాడు.

టైంటేబుల్ మాత్రం రోజుకో రకంగా మారేది. పొద్దున్న ఐదున్నర, ఐదుంబావు, మళ్లీ ఐదున్నర. ఒక్కో చోట పదిహేను నిమిషాలు. రాసేది, కొట్టేసేది. స్టాఫ్ రూములో, బస్టాపులో, చర్చిలో ప్రసంగం నడుస్తుండగా కూడా నోట్‌బుక్ ఒళ్లోనే ఉండేది.

క్రిస్మస్ ముందు శనివారం ఇద్దరూ డిమ్నా చెరువు దాకా తొక్కి చూశారు. పోవడం బాగానే పోయారు. చెరువు దగ్గరికొచ్చేసరికి ఎత్తు మొదలైంది. సగంలో జయకుమారి కుడి మోకాలు పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడిపోయింది. కల్యాణి మోకాలు ఒత్తి చూసి, "ఏం కాలేదక్కా, ఎత్తుల్లో దిగి నడిస్తే సరిపోద్ది" అంది. జయకుమారి ఊఁ కొట్టింది గానీ లోపల భయం పట్టుకుంది. ఇంటికి పోగానే ఎవర్నీ అడక్కుండా తొట్లకొండ కొట్టేసి, కొత్త టైంటేబుల్ ఫొటో తీసి కల్యాణికి పంపింది.

పావుగంటలో కల్యాణి గుమ్మంలో ఉంది. సైకిలు తొక్కొచ్చిన బట్టలు కూడా మార్చుకోలేదు.

"కొండ ఏదక్కా?"

"నా మోకాలు సూశావు కదే. అక్కడ గంట పోతే భీమిలికి టైం సాలదు."

"ఇది సైకిలు మీద పోవడమా, షిఫ్ట్ డ్యూటీయా? పదిహేను నిమిషాలకొకసారి పంచ్ కొట్టాలా? నర్సింగ్ హోంలో నా సూపు మంచం దాటి పోదు. ఆ కొండెక్కితే సముద్రం ఎంత దూరం కనిపిత్తాదో ఎప్పుడో ఫొటోలో సూశాను, అందుకే నువ్వడగ్గానే ఒత్తానన్నాను. నీ సమాధుల కోసం కాదు."

"అయితే రాకు."

నోరు జారింది. కల్యాణి గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు జయకుమారి ఇంట్లో తిరిగిన తిరుగుడికి చిన్నబాబు విసిగిపోయాడు. ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చేది. ఒక్కత్తే వెళ్దామనుకుంది, టికెట్ రద్దు చేద్దామనుకుంది, రెండూ చెయ్యలేదు. పండగ రోజు కేకు ముక్కలు డబ్బాలో పెట్టి రెండిళ్ల మధ్య గోడ దాకా వెళ్లి, తిరిగొచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఆ డబ్బా తీసుకుని ఏకంగా లోపలికే వెళ్లింది. కల్యాణి పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

"కొండ నువ్వెక్కు. నేను కింద కూచుంటాను."

కల్యాణి చేతిలో సబ్బు పట్టుకుని తలెత్తి చూసింది. "నువ్వు కూచుంటావా? నువ్వు?"

జయకుమారికే నవ్వొచ్చింది. ఇద్దరూ అక్కడే బకెట్ పక్కన నిలబడి కేకు తిన్నారు.

జనవరిలో వెళ్లారు. ఐదున్నరకి బయల్దేరాల్సింది, సైకిలు చైను బిగించేసరికి ఆరున్నర దాటింది. ఎదురుగాలి అనుకున్న దానికంటే ఎక్కువే ఉంది. కుడిచేతి పక్క సముద్రం అడ్డం లేకుండా పరుచుకుని ఉంటే జయకుమారికి రోడ్డు మీద చూపు నిలవలేదు. రెండుసార్లు అంచు దిగి ఇసకలో పడబోయింది. తొట్లకొండ మలుపులో కల్యాణి పైకి తిరిగింది. జయకుమారి కొబ్బరిబొండాల దుకాణం ముందు బెంచీ మీద కూర్చుంది. నీళ్లు తాగింది. గడియారం చూసింది. పది నిమిషాలు కాలేదు, దుకాణం ఆవిడతో, "కాస్త ఈ సైకిలు సూత్తుండమ్మా" అని చెప్పి కాలు ఈడ్చుకుంటూ నడక మొదలెట్టింది.

కల్యాణి కొండెక్కి చూసి కిందికి వస్తుంటే దారిలోనే ఆవిడ ఎదురుపడింది. కల్యాణి తిట్టబోయి, మానేసి, సైకిలు వెనక్కి తిప్పింది. నడిపించుకుంటూ ఆవిడ పక్కనే మళ్లీ పైకి ఎక్కింది. పైన ఇటుకల గుండ్రటి పునాదులు, చిన్న చిన్న గదుల మొండిగోడలు, వాటికవతల అంతా నీలం. ఇద్దరూ గోడ పక్కన గంటన్నర కూర్చున్నారు. టైంటేబుల్ ప్రకారం అప్పటికి వాళ్లు భీమిలిలో ఉండాలి.

ఎర్రమట్టి దిబ్బలు రోడ్డు మీంచే చూసి పోయారు. భీమిలి చేరేసరికి రెండు దాటింది. సమాధుల మీద రాళ్లు పొక్కిపోయి ఉన్నాయి. అక్షరాలు కొన్నే నిలిచాయి, అవీ ఆవిడకి తెలియని భాష. జయకుమారి ఒక్కో రాయి దగ్గరా వంగి వేలితో తడిమింది. ఒక రాయి మరీ పొట్టిగా ఉంది.

"పసిపిల్ల అయ్యుంటాది" అంది కల్యాణి.

జయకుమారి తలూపింది. అక్కడ ఎంతసేపు ఉన్నదీ గడియారం చూసుకోలేదు.

తిరిగి తొక్కడానికి మోకాలు ఒప్పుకోలేదు. వెనక నించి తోసే గాలి కోసం అంత లెక్క కట్టిన మనిషి, సైకిళ్లు రెండూ ఒక ట్రాలీ ఆటోలో వేయించి, కల్యాణితో పాటు ముందు ఇరుక్కుని కూర్చుంది. కాసేపు కళ్లు మూసుకుంది. నిద్ర పోయిందనుకుంది కల్యాణి. ఊరు దాటాక జయకుమారి కళ్లు తెరిచి డ్రైవర్ని అడిగింది.

"బాబూ, భీమిలి దాటి ఇంకా అలా ఒడ్డునే పోతే ఏటొత్తాది?"

"కోనాడ వైపు పోద్దమ్మా. ఎందుకూ?"

"ఊరికే" అంది జయకుమారి. కల్యాణి నెత్తి కొట్టుకుంది.