స్వప్నకు నేనంటించిన తుమ్ములు

లేని జబ్బును ఒట్టి నోటిమాటతో, వారం తిరక్కుండా ఒక ఆరోగ్యవంతురాలికి అంటించిన ఘనత నాది. నవ్వితే నవ్వారు గానీ, నా తెలివి పుణ్యాన ఒక ఎస్సై ఉద్యోగం కొట్టుకుపోబోయిందండీ!

2011 ప్రాంతం. నేను రోగనిరోధక కణాల మీద పరిశోధన చేస్తూ చిక్కడపల్లిలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. గదిలో ముగ్గురం. మంజుల గ్రూప్స్ కోచింగ్‌కు అశోక్‌నగర్ వెళ్లేది. పొద్దున లేస్తే తుమ్ములే తుమ్ములు. శకునాలు పట్టించుకునే అమ్మాయిలు ఆమె తుమ్మినప్పుడల్లా గడప దగ్గర కూర్చుని, మంచినీళ్లు తాగి, లేచి, మళ్లీ కూర్చుని, చివరికి క్లాసులే పోగొట్టుకునేవాళ్లు. స్వప్న ఎస్సై పరీక్షకు తయారవుతోంది. తెల్లవారకముందే నారాయణగూడలో ఒక కాలేజీ గ్రౌండ్‌కు పోయి పరుగెత్తేది. జలుబు మొహం ఎరగని మనిషి. ఆ ఇరుకు గది, ఒక్క బకెట్ కోసం మా ముగ్గురి కొట్లాట తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

నా పనల్లా వయ్యారిభామ మొక్క పుప్పొడి పోసి, మనుషుల తెల్ల రక్తకణాలకు ఎంత కోపమొస్తుందో చూడటం. కోపం పెరిగినకొద్దీ పరీక్షలో పసుపు రంగు ముదురుతుంది. అందుకు రక్తం కావాలి. మరి దగ్గరున్నది వీళ్లిద్దరే కదా!

"మా రక్తంతోని నీకేం పనక్కా?" అంది స్వప్న.

"మంజుల కణాలు పుప్పొడిని చూస్తే దొంగొచ్చిండని లొల్లి పెడ్తయి. నీవి ఊకుంటయి. ఆ తేడా చూపియ్యాలె. మిర్చి బజ్జీలు తినిపిస్త, రా."

"గట్లయితే రెండు సీసలు తీస్కో!"

స్వప్న పరుగెత్తే గ్రౌండ్ అంచున ఆ మొక్కలు విరగబూశాయి. పూలు కోసుకొచ్చి, హాస్టల్ మేడ మీద పేపర్ పరిచి ఆరబెట్టాను. పుప్పొడి దులిపి, నానబెట్టి, ఒక్క బ్యాక్టీరియా కూడా మిగలకుండా సన్నటి జల్లెడలో వడకట్టాను. అంత జాగ్రత్త నాది!

మంజుల రక్తం పసుపు రంగు చూపించింది. స్వప్నది చూద్దును కదా, అచ్చం పసుపు ముద్ద! బుద్ధున్నవాళ్లయితే అక్కడ ఆగి అనుమానపడతారు. నేను ఎగిరి గంతేసి, లోకానికి తెలియని రహస్యం దొరికిందని హాస్టల్‌కు పరుగెత్తాను.

"స్వప్నా, నీ రక్తం మంజుల రక్తం కన్న డేంజర్! లోపల అలర్జీ దాక్కున్నది."

"ఏందక్కా గట్లంటవ్? గ్రౌండ్ చుట్టూత ఆ మొక్కలే కద! పరుగుల దమ్ము ఆగిపోతే?"

"ఆగినా ఆగొచ్చు" అన్నాను, మహా పండితురాలిలా.

అంతే, మర్నాడు స్వప్న పరుగుకు పోలేదు. కిటికీ మూసేసింది. ఆ మర్నాడు తుమ్మింది.

"ఏందే, నా కొలువు గుంజుకుంటున్నవా?" అంది మంజుల.

స్వప్న నవ్వలేదు. పరుగు పరీక్ష దగ్గరికొచ్చేసింది. "మా నాయనకు ఫోన్ చేసి చెప్పిన. నాతోని కాదు, ఇంటికొస్త అన్న" అని ఏడ్చేసింది. అయినా సిగ్గులేకుండా ఆ తుమ్ములను కూడా రుజువు కింద జమ కట్టుకుని, మా గైడ్ మేడం దగ్గరికి వెళ్లాను.

మేడం అంతా చూసి, "పూలు ఎక్కడ ఆరబెట్టావమ్మా?" అన్నారు.

"హాస్టల్ మేడ మీద, మేడం."

"పావురాలున్నాయా?"

"మస్తున్నయి మేడం. కానీ వడకట్టిన కద!"

"బ్యాక్టీరియా పోతుంది. దాని పెంకు ముక్కలు జల్లెడలోంచి జారిపోతాయి. వాటిని చూస్తే నీ కణాలైనా నా కణాలైనా మండిపడతాయి. నువ్వు కనిపెట్టింది అలర్జీని కాదు తల్లీ, పావురాల రెట్టను!"

ఆ ముక్కలను పట్టి కట్టేసే మందు కలిపి పరీక్ష మళ్లీ చేయించారు. మంజులది లేత పసుపుగా నిలిచింది. స్వప్నది మంచినీళ్లలా తేరిపోయింది.

హాస్టల్‌కు వచ్చేసరికి స్వప్న బ్యాగు సర్దుతోంది.

"నీకేం లేదే! అంతా పావురాల పని!"

"మరి ఈ తుమ్ములేంది? ఉన్నదన్నది నువ్వే, లేదన్నది నువ్వే. ఏది నమ్మాలె?"

మంజుల లేచి బ్యాగు లాక్కుంది. "చిన్నప్పటి సంది తుమ్ముతున్న, నాకు తెల్వదా? నువ్వు కండ్లు తెరిచి తుమ్ముతున్నవ్. అది భయం తుమ్ము! రేపు నేను గూడ గ్రౌండ్‌కొస్త. తుమ్మితే నేను తుమ్ముత, నువ్వు ఉరుకు."

ఆ ముక్కుతో, ఆ మొక్కల మధ్యకు వస్తానంది చూడండి! ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తెల్లారి ముగ్గురం వెళ్లాం. స్వప్న భయంభయంగా ఒక చుట్టు తిరిగింది. ఇంకోటి తిరిగింది. తుమ్ము లేదు! ఊపందుకుంది. చప్పట్లు కొడదామని చేతులెత్తాను, తుమ్మొచ్చింది. వెంటనే ఇంకోటి. ఆగితేనా! కళ్లు వాచాయి, ముక్కు ధారగా కారింది. మంజుల తన తుమ్ములు మరిచి నన్ను పట్టుకుంది. ఏడాదిగా ఆ పుప్పొడిలోనే చేతులూ మొహమూ పెట్టి బతికానాయె, నా కణాలు గుట్టుగా దాని మీద పగ పెంచుకున్నాయి.

స్వప్న పరుగాపి, నడుం పట్టుకుని పడీపడీ నవ్వింది. "అక్కా, అందరి రక్తం తీసినవ్. నీది ఎప్పుడన్న తీసినవా?"

తీయలేదండీ! స్వప్న పరుగూ గెలిచింది, ఎస్సై కూడా అయింది. నేను మాత్రం ఆ గ్రౌండ్‌లోనే, మంజుల కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నా రక్తం చూసుకోకుండా ఇంకొకరి రక్తానికి జాతకం చెప్ప..." అని ప్రతిజ్ఞ మొదలుపెట్టాను. "ను" అనేలోపు తుమ్మొచ్చింది. పదిసార్లు మొదలుపెట్టినా పూర్తికాలేదు. అయినా ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే.