ఇరవై ఎనిమిది నంబరు పాంటు

మా అమ్మ కొలతకు తిరుగులేదని ఊళ్ళో పేరు. కూచిపూడికి దగ్గర్లో చిన్న ఊరు మాది. నాన్న బడిపంతులు. అమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. క్రిస్మస్ నెలలో మా వరండాలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

డెబ్బైల చివర్లో నేను బెజవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఎక్స్‌కర్షన్ కోసం మా క్లాసులో నలుగురు ఆడపిల్లలు జీన్ పాంట్లు కొనుక్కున్నారు. నాకూ కావాలని ఇంటికొచ్చి పట్టుబట్టాను. నాన్న ససేమిరా అన్నారు. రెండు రోజులు వెంటపడి ఆయన్ని ఒప్పించింది అమ్మే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే షాపులో నాకది గుర్తు రాలేదు.

బయల్దేరేముందు అమ్మ నా నడుం కొలిచింది. సరిగ్గా ఇరవై ఎనిమిది అంగుళాలు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక రెడీమేడ్ షాపుకి వెళ్ళాం. "నడుం ఇరవై ఎనిమిదండీ, నేనే కొలిచాను" అని అమ్మ కాస్త గొప్పగానే చెప్పింది. అట్టపెట్టెల వెనక అడ్డంగా కట్టిన దుప్పటి చాటున తొడుక్కుని చూడాలి. పాంటు తొడల దగ్గరే ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి లాగితే పైకొచ్చింది గానీ గుండీ పడలేదు. ఆ మాటే లోపల్నుంచి చెప్పాను.

"ఇరవై ఎనిమిది చాలదంట, ముప్పై తియ్యండి" అని షాపాయన అరిచాడు. అదీ పట్టలేదు. "అయితే ముప్పై రెండు తియ్యండి" అని ఇంకా గట్టిగా అరిచాడు. షాపులో ఉన్న మగాళ్ళందరికీ నా నడుం లెక్క తెలిసిపోయింది. మూడోదానికి గుండీ పడింది. వదులో బిగుతో చూసుకునే ఓపిక లేదు, సిగ్గుతో ఒళ్ళంతా చెమట.

దుప్పటి చాటు నుంచి బయటికొచ్చి ఆ సిగ్గంతా అమ్మ మీద కుమ్మరించాను.

"నీకు కొలవడమే రాదు. ఊళ్ళోవాళ్ళు ఎలా కుట్టించుకుంటున్నారో ఏమో."

అందరూ వినాలనే అన్నాను. అమ్మ నాకేసి చూసి, షాపాయన వైపు తిరిగింది. "పొరపాటు నాదేనండీ. మీకు శ్రమ ఇచ్చాను" అంది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది.

హాస్టలుకి వెళ్ళాక చూస్తే, నడిచినప్పుడల్లా ఆ ముప్పై రెండు జారిపోతోంది. మార్చుకుందామని ఒక్కదాన్నే షాపుకి వెళ్ళాను. షాపాయన ఈసారి వేరే కంపెనీది ఇరవై ఎనిమిది ఇచ్చాడు. నాకోసమే కుట్టినట్టు సరిపోయింది.

"కంపెనీకో లెక్కమ్మా. ఆ నంబర్లు నమ్ముకుంటే ఇంతే. మీ అమ్మగారి కొలత కరెక్టే, ఆవిడకి చెప్పండి" అన్నాడు.

చెప్తానన్నాను. హాస్టలుకొచ్చి, పాంటు లోపల నంబరున్న గుడ్డముక్కని బ్లేడుతో కోసి పారేశాను. అమ్మ కంటపడితే ఆ రోజు నేనన్న మాట మళ్ళీ బయటికొస్తుందని నా భయం. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి దేవుణ్ణి క్షమాపణ అడిగేదాన్ని. అమ్మను అడగడానికి మాత్రం నోరు రాలేదు.

సెలవులకు ఇంటికెళ్ళాను. జాకెట్టు గుడ్డ తెచ్చిన ఒకావిడతో అమ్మ, "సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చిపెట్టమ్మా" అంటోంది. ఆది జాకెట్టు ఇచ్చేది మగ టైలర్లకి. వాళ్ళు ఒంటి మీద కొలవకూడదు కాబట్టి దాన్ని చూసి కుడతారు. అమ్మ ఎన్నడూ ఎవరినీ ఆది అడిగి ఎరగదు. ఆవిడకీ వింతగా అనిపించినట్టుంది, "ఒంట్లో బాగోలేదా వదినా?" అని అడిగి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళాక అమ్మ నన్ను పాంటు వేసుకుని చూపించమంది. చుట్టూ తిరిగి చూసింది.

"ఒంటికి అతికినట్టుందే. ముప్పై రెండేగా ఇది?"

"ఊ."

టేపు తెచ్చి నా నడుంకి చుట్టింది. చూసి, విప్పి, మళ్ళీ చుట్టింది. మూడోసారి టేపుని వెలుగులోకి లాగి, అంకెల్ని వేలితో తడిమింది.

"ఎన్నిసార్లు పెట్టినా ఇరవై ఎనిమిదే వస్తుందే. ఈ టేపు సాగిపోయి ఉంటుందంటావా?"

నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"అయ్యుండొచ్చు" అన్నాను.