బావి తాబేలుకు తవుడుండలు

దాణా డబ్బా మూత తీయగానే గదంతా ఎండుచేపల వాసన కొట్టింది. మానుకోటలో మా మనుమరాలు శ్రావణి పెంచుకుంటున్న నీటి తాబేలుది ఆ దాణా, పెసరగింజంతేసి గుళికలు. తాబేలు మాత్రం ఎండురొయ్య పడితే మెడ చాచి మింగుతుంది, గుళిక పడితే ముక్కుతో అవతలికి నెట్టి రాయి కిందికి పోతుంది. ఒట్టి రొయ్యలే తింటే చిప్ప మెత్తబడుతుందని పశువుల డాక్టరు చెప్పినప్పటి నుంచి పిల్ల కళ్లలో నీళ్లు ఆగడం లేదు. తాబేలుకు తిండి మప్పడంలో కేసముద్రం నుంచి డోర్నకల్ దాకా నన్ను మించినవాడు లేడని, చిన్నప్పుడు మా బావి తాబేలు నేను ఈల వేస్తే వచ్చి నా చేతిలో తవుడుండలు తినేదని ధైర్యం చెప్పాను. ఈల అప్పటికప్పుడు పుట్టింది. మిగతాది ఎప్పుడో చిన్నప్పుడే పుట్టించాను.

కేసముద్రం దగ్గర మా ఊళ్లో మంచినీళ్ల బావిలో ఒక తాబేలును వదిలేవారు, పురుగూ నాచూ తిని నీళ్లు తేటగా ఉంచుతుందని నమ్మకం. ఉగాది బచ్చాల తీపి ఇంకా నాలుక మీద ఉండగానే బావి అడుగంటేది. అప్పుడు వాడకట్టు మగవాళ్లు మోకులు పట్టుకొని దిగి పూడిక తీసేవారు. నల్లటి బురద తట్టలు తట్టలుగా పైకొస్తుంటే, గట్టు మీద పోసిన ఆ చల్లటి వాసనలో చేతులు మోచేతుల దాకా పెట్టి మేము ఆటలో పోయిన గోటీలు, సొట్టలు పడ్డ చెంబులు, ఎవరిదో కాలి మట్టె వెతుక్కునేవాళ్లం. తాబేలును కూడా తట్టలో పెట్టే పంపేవారు. కొత్త నీళ్లు ఊరి తేరుకునేదాకా అది మా వాకిట్లో, వేపచెట్టు కింది పాత గోలెంలో ఉండేది.

దాన్ని చూసుకునే పని మా అక్క యాదమ్మది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. ఎండ ఎక్కకముందే చెరువు మత్తడి దగ్గరికి పోయి, కాళ్లు గీరుకుపోతున్నా నత్తలు ఏరుకొచ్చి, రాతి మీద చిదిపి వేసేది. తాబేలు వేరే ఏదీ ముట్టేది కాదు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లంతా "యాదమ్మ చేతి గుణం" అంటుంటే, చిర్రగోనె ఆడుకొని, తాటిముంజల నీళ్లు అంగీ మీద ఒలకబోసుకొని వచ్చే నాకు కడుపు మండేది.

"నత్తలెందుకే? తవుడుండలు తినిపిస్త సూడు" అన్నాను ఒకరోజు.

గడంచె మీద కూర్చొని చుట్ట తాగుతున్న బాపు పగలబడి నవ్వాడు. "నీకే అన్నం మీ అవ్వ కలిపి పెడుతది. నువ్వు తాబేలుకు తినిపిస్తవా? తినిపిస్తె కేసముద్రం మార్కెట్‌కు బండి మీద తోలుకపోత, పో!"

తవుడు, ఎండుచేపల పొడి, ఇంత గంజి కలిపి, గోటీలంత ఉండలు చేసి అరుగు మీద ఎండబెట్టాను. గోలెంలో వేస్తే తాబేలు వాటి మొహం కూడా చూడలేదు. తెల్లారేసరికి ఉండలు ఉబ్బి తేలుతున్నాయి. ఎవరూ లేవకముందే దోసిళ్లతో తోడి కోళ్లకు వేసి, "తిన్నది, తిన్నది!" అని అరిచాను. బాపు వంగి ఖాళీ గోలెం చూశాడు. అక్క కూడా చూసి, పుండ్లుపడ్డ కాళ్లు చాపుకొని "బతికిచ్చినవు తమ్మీ" అంది.

ఆ మాటకే నిజం చెప్పేయాల్సింది. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాగానే కేసముద్రం బండి కదిలింది. గింజల రాశుల దుమ్ములో, మిరపకాయ బజ్జీల నూనె వాసనలో తాబేలు గుర్తుకే రాలేదు. ఆ తరువాత రోజూ ఉండలు వేయడం, తెల్లారి కోళ్లకు తోడిపోయడం. అక్క నత్తలకు పోవడం మానేసింది.

నీళ్లు తేరాక పసుపు బొట్టు పెట్టి తాబేలును బావిలో వదిలారు. కొన్నాళ్లకే నీళ్లు కంపు కొట్టాయి. తాబేలు వెల్లకిలా తేలింది. నడి ఎండాకాలంలో, అప్పుడప్పుడే ఊరిన నీళ్లన్నీ తోడి పారబోయాల్సి వచ్చింది. వాడకట్టంతా బిందెలు పట్టుకొని మా ఇంటి మీదికి వచ్చింది. "నీకే గదనే అప్పజెప్పింది!" అని బాపు అక్క మీదికి చింతబరికె అందుకున్నాడట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ పొద్దు నేను ఇంట్లో లేను. డోర్నకల్‌లో మేనత్త ఇంటికి రైలెక్కి పోయాను. తిరిగి వచ్చేసరికి అక్క వీపు మీద వాతలు నల్లబడి ఉన్నాయి. ఉంటే నిజం చెప్పేవాణ్ణి.

ఈసారి మాత్రం కోళ్లు లేవు, అబద్ధం లేదు. గుళికలను రొయ్యలు నానిన నీళ్లలో వేసి, అవి ఆ వాసన పట్టాక రొయ్యముక్కల మధ్య దూర్చి, నా మెడ పట్టేసేదాకా తొట్టి ముందే కూర్చున్నాను. రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం గుళిక నిజంగా గొంతులోకి దిగడం నా కళ్లతో చూశాను. శ్రావణి ఎగిరి గంతేసింది. ఈల వేయమంది. అప్పుడిక తప్పక ఉన్నదంతా చెప్పాను.

పిల్ల జనగామలో ఉన్న మా అక్కకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, కోళ్ల దగ్గర నుంచి డోర్నకల్ రైలు దాకా పూస గుచ్చినట్టు చెప్పి, "నిజమేనా అవ్వా?" అని అడిగింది.

"కోళ్ల ముచ్చట నిజమే కావచ్చు, నాకెరుక లేదు" అంది అక్క. "తమ్మీ, నువ్వు డోర్నకల్ పోయింది మర్నాడు తెల్లారి. బాపు కొట్టిననాడు ఇంట్లనే ఉన్నవు గదరా. దర్వాజ పట్టుకొని నిలవడ్డవు. 'తిన్నదని నువ్వే అన్నవు, చెప్పురా తమ్మీ' అని నేను మొత్తుకుంటె, 'నేనెప్పుడన్న?' అన్నవు."